వానాకాలంలో ఇంట్లో బట్టలారేయడానికి కరెంటు వేడి స్టాండు: నెల్లూరులో పనికొస్తుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నెల్లూరు మాగుంట లేఔట్‌లో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఇంట్లో నాలుగు నెలల పాప. ఉన్న ఒక్క బాల్కనీ తూర్పు వైపు, వానొస్తే జల్లంతా లోపలికే. అక్టోబరు చివర్నుంచి బట్టలు రెండ్రోజులైనా ఆరడం లేదు, ఆరినా వాసన పోవడం లేదు. ఇంగ్లాండులో ఉన్న మీ అక్క, అక్కడ చాలామంది వాడే కరెంటుతో వేడెక్కే బట్టల స్టాండు ఒకటి తెస్తానంటున్నారు. తెప్పించుకోవచ్చా, బిల్లెంత పెరుగుతుంది, రాత్రంతా వేసి పడుకోవచ్చా అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తానమ్మా. పాప బట్టలకూ, లోదుస్తులకూ, పల్చటి కాటన్లకూ పనికొస్తుంది. ఇంటిల్లిపాది బట్టలూ, దుప్పట్లూ, జీన్సులూ దాని మీద ఆరతాయనుకుంటే ఆరవు. ఇంకో మాట. గదిలోంచి తేమ బయటికి పోయే దారి లేకపోతే ఆ స్టాండు ఉన్నా లేకపోయినా ఒకటే. దారి ఉంటే మీ బట్టల్లో సగానికి స్టాండు అవసరమే రాదు. రాత్రి వేసి పడుకోవద్దు. బిల్లు లెక్క కింద రాశాను.

మా ఆయనా నేనూ పొదలకూరు రోడ్డు వైపు లాండ్రీ నడుపుతున్నాం. లాడ్జీల దుప్పట్లు, చుట్టుపక్కల అపార్టుమెంట్ల బట్టలు మాకొస్తాయి. కార్తీక మాసం వచ్చిందంటే మా పనంతా ఉతకడం కన్నా ఆరబెట్టడమే. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. కాన్పుకి వెళ్ళినప్పుడు ఒక చలికాలమంతా మీరు చెప్పే స్టాండు మీదే పసిబిడ్డ బట్టలన్నీ ఆరేశాను. అక్కడ అది బాగా పనిచేసింది, ఇక్కడ అంత బాగా చెయ్యదు. ఎందుకో తెలిస్తే ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో మీరే తేల్చుకోగలరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ స్టాండులో ఉండేది ఇంతే: అల్యూమినియం కడ్డీలు, వాటి లోపల సన్నటి హీటింగు తీగ. రెండు రెక్కలు విప్పుకునే రకం 220, 230 వాట్లుంటుంది. మూడంతస్తుల రకం 300 వాట్ల దాకా ఉంటుంది. మామూలు ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లు, గీజరు రెండు వేలు. అంటే ఇది చాలా చిన్న వేడి.

ఒక లీటరు నీరు బట్టలోంచి ఆవిరై పోవాలంటే సుమారు 0.67 యూనిట్ల శక్తి పడుతుంది. దాన్ని ఎండ ఇవ్వాలి, లేకపోతే గాలి ఇవ్వాలి, రెండూ ఇవ్వకపోతే మీ మీటరు ఇవ్వాలి. 300 వాట్ల స్టాండు తన వేడినంతా నీటి మీదే పెట్టినా గంటకు అరలీటరు కూడా ఆవిరి చెయ్యలేదు. అయిదు కిలోల కాటన్ బట్టలు మెషీన్‌లో బాగా తిరిగి బయటికొచ్చాక కూడా వాటిలో దాదాపు మూడు లీటర్ల నీళ్ళుంటాయి. అంటే ఎంత లేదన్నా ఏడు గంటలు. నిజానికి కడ్డీల వేడిలో కొంత గాలికీ గోడలకూ పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. డబ్బా మీద 'పదిహేను కిలోల బట్టలు' అని రాసుంటే అది స్టాండు మోయగలిగే బరువు. ఆరబెట్టగలిగే బట్టలని అనుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆ మూడు లీటర్ల నీళ్ళు ఎక్కడికి పోతాయి?

మీ రెండో బెడ్‌రూము పది అడుగులు, పన్నెండు అడుగులు, ఎత్తు పది అనుకుందాం. అందులో పట్టే గాలి 34 ఘనపు మీటర్లు. నవంబరులో మన దగ్గర ముసురు పట్టినప్పుడు 26 డిగ్రీల వేడి, 90 శాతం తేమ మామూలే. అప్పుడు ఘనపు మీటరు గాలిలో అప్పటికే 22 గ్రాముల నీరుంటుంది. అది పట్టగలిగిందే 24 గ్రాములు. ఆ గదిలోని గాలంతా కలిపి ఇంకా తీసుకోగలిగిన నీరు 80 గ్రాములు, అంటే ఒక గరిటెడు. స్టాండు వేడికి గది 30 డిగ్రీలకు చేరిందనుకున్నా పావు లీటరుకు కాస్త పైన. ఆరాల్సింది మూడు లీటర్లు. కిటికీలు మూసి స్టాండు వేస్తే మొదటి గంటలోనే గాలి నిండిపోతుంది. తర్వాత ఆరడం దాదాపు ఆగిపోతుంది. మిగతా వేడంతా తడి బట్టల్ని గోరువెచ్చగా ఉంచడానికి పోతుంది. బాక్టీరియాకు అంతకన్నా అనుకూలమైన చోటు ఉండదు.

బర్మింగ్‌హామ్‌లో జనవరిలో బయట 5 డిగ్రీలుంటుంది. ఆ చలిగాలి ఘనపు మీటరుకు ఏడు గ్రాముల నీరు కూడా మొయ్యలేదు. అదే గాలి ఇంట్లోకొచ్చి 20 డిగ్రీలకు వెచ్చబడితే తేమ 40 శాతానికి పడిపోతుంది. కిటికీ నాలుగు వేళ్ళు తెరిస్తే చాలు, పొడి గాలి లోపలికొస్తుంది, తడి గాలి బయటికి పోతుంది. పైగా ఇల్లంతా హీటర్లే. ఆ స్టాండును ఆ వాతావరణం కోసమే చేశారు. మనకు బయటి గాలే మూడు రెట్లు ఎక్కువ నీళ్ళు మోసుకొస్తుంది. కాబట్టి కిటికీ కొద్దిగా తెరిస్తే మనకు సరిపోదు. గాలి ధారాళంగా మారుతూ ఉండాలి.

అలాగని మన గాలి బొత్తిగా పనికిరాదని కాదు. 26 డిగ్రీల దగ్గర 90 శాతం తేమున్న గాలినే 40 డిగ్రీలకు వేడి చేస్తే దాని తేమ 41 శాతానికి దిగుతుంది. కడ్డీల చుట్టూ జరిగేది ఇదే. అందుకే గాలి మారుతూ ఉంటే స్టాండు మన దగ్గర కూడా పనిచేస్తుంది. స్టాండుతో పాటు ఫ్యానూ ఎగ్జాస్టూ ఉండాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

కొనే ముందు ఇంట్లో ఉన్నవాటితో చెయ్యాల్సినవి

మొట్టమొదటిది పిండడం. అన్నిటికన్నా చవకైనదీ, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. మెషీన్ స్పిన్ అయ్యాక బట్టలు తీసి, చిక్కులు విప్పి, సమంగా సర్ది మళ్ళీ ఒకసారి స్పిన్ పెట్టండి. సెమీ ఆటోమేటిక్ అయితే పక్క తొట్టిలో సగం బట్టలే వేసి అయిదు నిమిషాలు తిప్పండి. దానికయ్యే కరెంటు యూనిట్‌లో యాభయ్యో వంతు కూడా ఉండదు. ఆ రెండో తిప్పుడుకి అరలీటరు నీళ్ళు పోయినా, స్టాండు మీద గంట పైన మిగిలినట్టే. మీది పైనుంచి బట్టలు వేసే ఫుల్లీ ఆటోమేటిక్ అయితే దాని స్పిన్ వేగం సాధారణంగా నిమిషానికి 700 చుట్ల దగ్గర ఉంటుంది. ముందు తలుపు మెషీన్లు 1000, 1200, కొన్ని 1400 తిరుగుతాయి. చేత్తో పిండిన తువ్వాలు బరువు ఒకసారి కాటాలో చూడండి. పొడిగా ఉన్నప్పటి బరువుకు రెట్టింపు దాటి ఉంటుంది. నేను కొత్తగా పనిలోకొచ్చిన పిల్లలకు మొదట నేర్పేది ఈ తూకమే. బట్ట పొడి బరువు, స్పిన్ అయ్యాక బరువు, రెండూ తెలిస్తే ఎంత నీరు ఆరాలో తెలిసిపోతుంది, ఇక ఊహలక్కర్లేదు.

పాప చొక్కాల్లాంటి చిన్నవాటికి ఇంకో పద్ధతుంది. పొడి టర్కీ తువ్వాలు పరిచి, దాని మీద బట్టలు పరిచి, చాపలా గట్టిగా చుట్టి మోకాలితో నొక్కండి. తువ్వాలు తడుస్తుంది, బట్టలు సగం ఆరినట్టే ఉంటాయి.

రెండోది గాలి. తడి బట్టను అంటిపెట్టుకుని పల్చటి తేమ పొర ఒకటి ఉంటుంది. గాలి తగిలి అది చెదిరితేనే లోపలి నీరు బయటికొస్తుంది. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 వాట్ల చిల్లర. పది గంటలు తిరిగినా బీఎల్‌డీసీకి మూడో వంతు యూనిట్. ఒక పెడెస్టల్ ఫ్యాను బట్టలకు అడ్డంగా, కింది వైపు నుంచి కొట్టేట్టు పెట్టండి. పైన ఉండే సీలింగు ఫ్యాను గాలి దండెం మీది మడతల్లోకి దూరదు.

మూడోది బయటికి దారి. మీ ఫ్లాటులో చిన్న గదికి వెంటిలేటరు ఉంటే అందులో ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. గంటకు రెండు వందల ఘనపు మీటర్ల గాలిని లాగే ఫ్యాన్లు మామూలుగా దొరుకుతాయి. ఆ లెక్కన గదిలోని గాలి గంటకు ఆరుసార్లు మారుతుంది. గది తలుపు ఓరగా తెరిచి ఉంచండి, లేకపోతే అది లాగడానికి గాలే ఉండదు. ఒక స్టాండు, ఒక పెడెస్టల్ ఫ్యాను, ఒక ఎగ్జాస్టు: ఈ మూడూ ఉన్న చిన్న గది, ఏమీ లేని పెద్ద హాలు కన్నా ఎంతో మేలు. హాలులో, పడకగదుల్లో దండేలు కట్టడం మానేసి ఇంటి మొత్తానికి ఒక్క గదినే ఆరబెట్టే గదిగా పెట్టుకోండి. పాప పడుకునే గది మాత్రం ఆ గది కాకూడదు. తేమకు గోడల మూలల్లో, బీరువా వెనక బూజు పడుతుంది. ఆ బూజు రేణువులు పసిబిడ్డల ఊపిరికి మంచివి కావు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

బాల్కనీ సంగతి. మన జిల్లాలో ఈ కాలం వాన ఎక్కువగా తూర్పు నుంచీ ఈశాన్యం నుంచీ కొడుతుంది. తూర్పు బాల్కనీ ఉన్నవాళ్ళందరికీ మీ బాధే. పడమర వైపో దక్షిణం వైపో కిటికీ ఉంటే లోపలి వైపు దండెం కట్టుకుని అక్కడ ఆరేయండి, తేడా మీకే తెలుస్తుంది. ముసురు మధ్యలో రెండు గంటలు తెరిపిస్తే తడి బట్టలన్నీ వెంటనే బయటికి తీసుకెళ్ళండి. ఎండ లేకపోయినా బయటి గాలి ఇంటి గాలి కన్నా నయం.

ఇవన్నీ చేశాక కూడా పాప బట్టలు సాయంత్రానికి ఆరడం లేదంటే అప్పుడు స్టాండు.

స్టాండు వాడే పద్ధతి

కడ్డీకి తగిలిన చోట మాత్రమే బట్ట త్వరగా ఆరుతుంది. రెండు కడ్డీల మధ్య వేలాడే భాగం తడిగానే ఉంటుంది. అందుకే ఒక్క పొరే వెయ్యాలి, మడత మీద మడత వెయ్యకూడదు. గంటన్నరకోసారి తిప్పాలి. చొక్కాలు హ్యాంగర్లకు తగిలించి స్టాండు పక్కన వేలాడదీస్తే చాలు, పైకొచ్చే వెచ్చటి గాలికే ఆరతాయి. వేడి పైకి పోతుంది కాబట్టి మందమైన బట్ట కింది కడ్డీల మీద, పల్చటివి పైన.

చాలామంది స్టాండు మీద దుప్పటి కప్పమని చెబుతారు. అక్కడ కవర్లు కూడా అమ్ముతారు. కప్పితే లోపల వేడి నిలుస్తుంది, ఆరడం వేగమవుతుంది. ఇది నిజమే. కానీ పైన ఆవిరి పోవడానికి చోటుండాలి, కింద గాలి దూరడానికి జానెడు ఖాళీ ఉండాలి. పల్చటి కాటన్ దుప్పటయితే ఫరవాలేదు. ప్లాస్టిక్ షీటు, రెయిన్‌కోటు గుడ్డ కప్పొద్దు. ఒంగోలు నుంచి మా దగ్గరికొచ్చే ఒకావిడ ప్లాస్టిక్ టేబుల్ క్లాత్ కప్పి రాత్రంతా ఉంచారట. పొద్దున తీసేసరికి షీటు లోపలి వైపు నీటి బొట్లు కారుతున్నాయి, బట్టలు ఎంత తడిగా వేశారో అంత తడిగానే ఉన్నాయి. స్టాండుతో వచ్చిన పుస్తకంలో కప్పొద్దని రాసుంటే కప్పనే వద్దు.

ఏవి వెయ్యకూడదంటే: పట్టు, ఉన్ని, సాగే ఎలాస్టిక్ ఎక్కువున్నవి, రబ్బరు బొమ్మలు అంటించిన పిల్లల టీషర్టులు. వెంకటగిరి చీరలు నీడన గాలికే ఆరాలి. జరీ అంచు కడ్డీ వేడి మీద గంటల తరబడి ఉండకూడదు. చీరలకు గంజి పెట్టే అలవాటుంటే ఈ రెండు నెలలూ ఆపండి. తడి గంజి మీద బూజు ఎంత తొందరగా పడుతుందో, ఆ నల్ల చుక్కలు వదిలించడం ఎంత కష్టమో మా పనివాళ్ళకు బాగా తెలుసు. చీర కాటన్ అయితే ఒక్కోసారి అవి ఎప్పటికీ పోవు. గంజి పెట్టిన చీరలు తెచ్చి మచ్చలు తియ్యమని అడిగినప్పుడు లేదమ్మా అని చెప్పడం నాకే బాధగా ఉంటుంది.

స్టాండు మీద బట్టను పూర్తిగా ఆరనివ్వాలని కూర్చోవద్దు. ముప్పాతిక ఆరాక ఇస్త్రీ పెట్టెతో ముగించండి. లీటరు లెక్కన చూస్తే ఇస్త్రీకైనా స్టాండుకైనా అయ్యే కరెంటు ఒకటే, కాని గంటల పని నిమిషాల్లో అయిపోతుంది. పైగా ఆ వేడికి సూక్ష్మక్రిములు చస్తాయి. పాప లంగోటాలకూ చొక్కాలకూ నేను చెప్పే పద్ధతి ఇదే: రెండుసార్లు స్పిన్, స్టాండు మీద రెండు మూడు గంటలు, తర్వాత ఇస్త్రీ.

వాసన గురించి

ఎంతసేపు తడిగా ఉందన్నదాన్ని బట్టే వాసన వస్తుంది. 2012లో జపాన్ పరిశోధకులు ఉతికిన బట్టల్లో వచ్చే ఈ చెమ్మ వాసనకు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా ప్రధాన కారణమని తేల్చారు. అది ఉతుకుడుకి పూర్తిగా పోదు. బట్టలో ఉండిపోయి, మళ్ళీ తడి తగిలి నెమ్మదిగా ఆరినప్పుడల్లా పెరుగుతుంది. అందుకే ఒకసారి వాసన పట్టిన తువ్వాలు, బాగా ఆరినా ఒళ్ళు తుడుచుకోగానే మళ్ళీ కంపు కొడుతుంది. స్టాండు ఆ తువ్వాలును బాగుచెయ్యలేదు. 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఆక్సిజన్ బ్లీచ్ పొడి వేసి గంట నానబెట్టి, మళ్ళీ ఉతకాలి. వెనకటి రోజుల్లో రేవులో బట్టలు ఉడకేసేవాళ్ళు, తెల్లబట్టలకు ఈ బాధ ఉండేది కాదు. మెషీన్ ఆగాక బట్టలు అందులోనే వదిలేయొద్దు. సబ్బు పొడి ఎక్కువ వేసినా, మెత్తదనం కోసం పోసే ద్రావకం ఎక్కువైనా బట్టలో పొరలా మిగిలి వాసనకు సాయం చేస్తాయి. ఈ రెండు నెలలూ అవి తగ్గించండి.

ఇంకోటి: మూడు రోజుల బట్టలు ఒకేసారి ఉతకొద్దు. రోజూ కొన్ని ఉతకండి. గదికీ ఫ్యానుకీ ఎంత ఆరబెట్టే శక్తుందో అంతే ఉతకడం, ఇది మా లాండ్రీలో కూడా పాటించే నియమం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన మీద మూడు రోజులు కురిసి, అయిదో తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కదా. ఆ వారం మేం లాడ్జీ దుప్పట్లు తీసుకోవడమే ఆపేశాం. కరెంటు లేనప్పుడు తడి బట్టలు చేతిలో పెట్టుకోవడం కన్నా మాసిన బట్టలు పొడిగా ఉంచుకోవడం మంచిది. మాసిన పొడి బట్ట పాడవ్వదు.

బిల్లు

300 వాట్ల స్టాండు ఎనిమిది గంటలు వేస్తే 2.4 యూనిట్లు. రోజూ వేస్తే నెలకు 72. మన రాష్ట్రంలో ఇళ్ళకు శ్లాబులున్నాయి కాబట్టి ఈ 72 యూనిట్లు మీ వాడకం పైన పడతాయి, ఖరీదైన శ్లాబులో. మీరు నెలకు 200 యూనిట్లు వాడతారనుకుందాం. 225 దాకా యూనిట్ 6 రూపాయలు, అది దాటితే 400 దాకా 8.75. అంటే 25 యూనిట్లకు 150, మిగతా 47కు 411, మొత్తం 560 చిల్లర. దాని మీద సర్దుబాటు ఛార్జీలూ సుంకమూ అదనం. ఇప్పటికే మీరు 400 దాటి వాడుతుంటే యూనిట్ 9.75, అప్పుడు 700 దాటుతుంది. రెండు నెలలకు ఇంతే అయితే భరించొచ్చు. కానీ ఆ ఖర్చుకు దుప్పట్లు కూడా ఆరతాయనుకుంటే కాదు.

ఏసీ ఉంటే, లేదా కొనే ఓపిక ఉంటే

మీ ఇంట్లో ఏసీ ఉందో లేదో రాయలేదు. ఉంటే, స్టాండు కన్నా ముందు అది వాడి చూడండి. ఆ గదిలో మామూలు స్టీలు స్టాండు మీద బట్టలు వేసి, తలుపులు మూసి, తేమ లాగే డ్రై మోడ్ పెట్టి, ఫ్యాను బట్టల మీదికి తిప్పండి. గాలిలోని నీరు డ్రెయిన్ పైపులోంచి బయటికి పోతుంది. పైన చెప్పుకున్న 'ఎక్కడికి పోతుంది' అనే ప్రశ్నకు ఇది సూటి జవాబు. చిక్కల్లా, వాన రాత్రుల్లో గది అప్పటికే చల్లగా ఉండటంతో కంప్రెసర్ మాటిమాటికీ ఆగిపోతుంది, ఆగినప్పుడల్లా తేమ తీయడం కూడా ఆగుతుంది. పగటిపూట వెయ్యడం మేలు. పాప ఆ గదిలో లేనప్పుడు వెయ్యండి.

ఏసీ లేదు, డబ్బు పెట్టగలరు అంటే, నా దృష్టిలో వేడి స్టాండు కన్నా డీహ్యూమిడిఫయర్ మంచి కొనుగోలు. ఇది గాలిలోని నీటిని లాగి డబ్బాలో నింపుతుంది, గదిని కొద్దిగా వెచ్చగా కూడా చేస్తుంది. దాన్ని మామూలుగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర పరీక్షించి 'రోజుకు 12 లీటర్లు', '20 లీటర్లు' అని రాస్తారు. అది అచ్చంగా మన నవంబరు వాతావరణానికి దగ్గర. చలి దేశాల్లో అదే యంత్రం అందులో సగం కూడా తీయలేదు. స్టాండుకు మనది తప్పు వాతావరణం, దీనికి మనదే సరైన వాతావరణం. దీనికి మాత్రం కిటికీలు మూసే ఉంచాలి, ఎగ్జాస్టు ఆపాలి. లేకపోతే ఊళ్ళోని తేమంతా లాగుతూ కూర్చుంటుంది. కావలిలో మాకు తెలిసిన కుటుంబం, ఇంట్లో కవల పిల్లలు, చిన్న గదిలో ఒక డీహ్యూమిడిఫయరూ ఒక ఫ్యానూ పెట్టుకున్నారు. పొద్దున వేసిన పిల్లల బట్టలు మధ్యాహ్నానికి మడతపెడుతున్నారు. బీరువాలో తోలు చెప్పులకూ పట్టుచీరలకూ పట్టే బూజు కూడా తగ్గిందని చెప్పారు.

పూర్తి వేడి డ్రయ్యర్ అంటే, కరెంటు వాడకం పెద్దది: మామూలు రకం రెండు వేల వాట్ల పైన. ఒకసారి పుట్టిన వేడినే మళ్ళీ మళ్ళీ వాడుకునే హీట్ పంపు రకం అందులో సగమో అంతకన్నా తక్కువో తీసుకుంటుంది గాని ధర ఎక్కువ. నలుగురున్న ఇంటికి, ఏడాదికి రెండు మూడు నెలల కోసం నేనయితే చెప్పను. మార్చి నుంచి జూన్ దాకా మన ఎండకూ పడమటి గాలికీ బట్టలు గంటలో ఆరతాయి కదా.

భద్రత

300 వాట్లంటే ఒకటిన్నర ఆంపియరు కూడా కాదు, మామూలు సాకెట్టు సరిపోతుంది. ప్రమాదం వాట్లలో లేదు, తడిలో ఉంది. నీళ్ళు కారే బట్టలు దాని మీద వెయ్యకండి. బాత్‌రూములో పెట్టకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద, బట్టల కింద ఉండకూడదు. మీ డీబీలో, అంటే ఇంటి స్విచ్చులన్నీ ఉండే మెయిన్ పెట్టెలో, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. లేకపోతే స్టాండు వచ్చేలోపు అది పెట్టించండి, ఈ ఒక్క విషయంలో వాయిదా వద్దు. ఎర్తింగు సరిగ్గా ఉందో కూడా చూడమనండి.

రాత్రంతా వేసి పడుకోవడం, వేసి ఊరికెళ్ళడం, రెండూ వద్దు. టైమరు ఉన్న రకమైనా సరే, మెలకువగా ఉన్నప్పుడే. కడ్డీలు 50 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. పెద్దవాళ్ళ చేతికి చురుక్కుమంటుంది అంతే, కాని పాకే పాప పట్టుకుని వదలకపోతే కాలుతుంది. మీ పాప ఇంకో నాలుగైదు నెలల్లో పాకుతుంది, వచ్చే కార్తీకానికి నడుస్తుంటుంది కూడా. కాబట్టి తలుపు వేసుకునే గదిలోనే పెట్టాలి.

కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడపాలని చూడొద్దు. 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద లెక్కే 1.8 యూనిట్లు, వాడుకోగలిగేది అంతకన్నా తక్కువ. ఫ్యాన్లూ లైట్లూ ఆపుకుని స్టాండు నడిపినా బట్టలు సగంలోనే ఉంటాయి.

చివరిగా మీ అక్క తెచ్చే విషయం. ఇంగ్లాండు స్టాండు 220–240 వోల్టులది, మన 230కి సరిపోతుంది, ట్రాన్స్‌ఫార్మరు అక్కర్లేదు. ప్లగ్గు మాత్రం చదరపు మూడు పిన్నులది, లోపల ఫ్యూజు ఉంటుంది. రోడ్డు పక్కన దొరికే చవక కన్వర్టరులో చాలాసార్లు ఎర్తు పిన్ను ఉత్తదే. ఎలక్ట్రీషియన్‌తో ఆ ప్లగ్గు తీయించి ఐఎస్ఐ మార్కున్న మన మూడు పిన్నుల ప్లగ్గు వేయించుకోండి. ఎర్తు తీగ తగిలించాడో లేదో దగ్గరుండి చూసుకోండి. అక్కడి గ్యారంటీ ఇక్కడ చెల్లదు, విడిభాగాలు దొరకవు. ఈ స్టాండ్లలో ముందు పాడయ్యేది రెక్క మడిచే చోట తీగ. వేదాయపాళెంలో ఒకరింట్లో ఒక రెక్క వేడెక్కడం మానేస్తే మా ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాడు, అక్కడే తీగ తెగిందని. అందుకని రోజూ మడిచి విప్పకుండా సీజనంతా ఒకేచోట విప్పి ఉంచండి. విమానంలో మూడంతస్తులది తేవడం కష్టం, రెండు రెక్కలదే తెమ్మనండి. మీ ఇంట్లో అది చెయ్యాల్సింది పాప బట్టల పనే కాబట్టి ఆ చిన్నదే చాలు.

మీ మెషీన్ ఏ రకమో, చిన్న గదికి వెంటిలేటరు ఏ వైపుందో, ఏసీ ఉందో లేదో రాయండి. ఎగ్జాస్టు ఎక్కడ పెట్టించాలో, ఫ్యాను ఎటు తిప్పాలో మీ గదికి తగ్గట్టు చెబుతాను.